భయమునకు తోడు ఎవరు? — ఆందోళనా శిక్షకుల పద్ధతిపై ఒక విమర్శ

నర్సీపట్నం బస్సు కాంప్లెక్సులో విశాఖపట్నం పోవు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదనుకొనుడు. డిగ్రీ పూర్తిచేసిన ఒక యువతి సర్టిఫికెట్ల సంచి పట్టుకొని మెట్టు దగ్గర నిలిచియున్నది. పట్నంలో ఆమెకు ఉద్యోగపు ఇంటర్వ్యూ కలదు. గుండె దడదడలాడుచున్నది, అరచేతులు చెమర్చుచున్నవి, నాలుక పిడచకట్టుచున్నది. ఆమె ఫోను తీసి, “సార్, బస్సు దగ్గరే ఉన్నానండి. ఎక్కమంటారా? నాకేం కాదు కదండీ?” అని అడుగును. “ఏమీ కాదమ్మా. ఊపిరి నిదానంగా తీసుకో. నేను లైనులోనే ఉంటాను” అని అవతలనుండి జవాబు వచ్చును. ఆమె బస్సు ఎక్కును.

ఈ యువతి కల్పితపాత్ర. ఆమె గుండెదడ మాత్రము కల్పన కాదు. ఫోనులో ఆమెకు ధైర్యము చెప్పిన వృత్తియు కల్పన కాదు. ఆందోళనను అదుపులో పెట్టుకొనుట నేర్పెదమని చెప్పు శిక్షకులు ఈ కొద్ది సంవత్సరములలో పెద్ద నగరములలోనేగాక చిన్న పట్టణములకును ఫోను తెరమీదుగా చేరినారు. వారు వైద్యులు కారు. తాము వైద్యులమని అనుటయు లేదు. వారానికొకసారి మాటలాడుదురు, అభ్యాసములు ఇచ్చెదరు, మధ్యమధ్య కుశలము కనుగొందురు. వీరిని మోసగాండ్రని ఒక్కమాటతో తోసివేయువారు ఉన్నారు. “మందు లేకుండ నయము చేసిరి” అని నెత్తిన పెట్టుకొనువారును ఉన్నారు. ఈ రెండు తీర్పులును పరీక్షకు నిలువవు. పైన చెప్పిన ఫోను సంభాషణలో ఆ యువతికి మేలు జరిగినదా, కీడు జరిగినదా అనునది ఇచట అసలు ప్రశ్న. జవాబు మొదటి చూపునకు తోచునంత తేలిక కాదు.

ముందుగా మాటను గురించి కొంచెము. తెలుగువాడు భయము, బెంగ, దిగులు, గుబులు, కంగారు, గాబరా అని వేరువేరుగా పలుకును. పిల్లవాడు హాస్టలులో చేరినప్పుడు తల్లికి కలుగునది బెంగ. పరీక్ష గంట కొట్టినప్పుడు విద్యార్థికి కలుగునది కంగారు. పాము కనబడినప్పుడు భయము. కారణము తెలియక సాయంకాలము గుండెను పట్టుకొనునది గుబులు. వీటినన్నిటిని నేటి శిక్షకుడు ‘యాంగ్జయిటీ’ అను ఒకే సంచిలో వేసి, ఒకే అభ్యాసము చెప్పుచున్నాడు. మన పాతమాటలలోని భేదము శాస్త్రమునకును ఉపయోగించునదే. ఎదుటనున్న ప్రమాదమునకు కలుగు స్పందన వేరు. రాబోవునేమో అను ప్రమాదమునకు కలుగునది వేరు. మొదటిది భయము, రెండవది ఆందోళన. మొదటిది క్షణములలో వచ్చి పోవును. రెండవది నెలల తరబడి మనిషితో కాపురము చేయగలదు.

దేహములో జరుగు వ్యవహారము మాత్రము రెండింటికిని చాలవరకు ఒక్కటే. మెదడు లోతులో బాదంగింజ ఆకారము గల అమిగ్డలా అను భాగము ప్రమాద సూచనను అందుకొనును. అక్కడినుండి వెలువడు సంకేతములచే మూత్రపిండములపైన టోపీవలె కూర్చున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును, ఊపిరి త్వరపడును, రక్తము కండరములకు మళ్ళును. పరుగెత్తుటకో పోరాడుటకో ఈ ఏర్పాటంతయు మిక్కిలి చక్కనిది. ఇంటర్వ్యూ గదిలో ఈ రెండింటిలో ఏదియు పనికిరాదనుటయే చిక్కు. ఇట్టి స్పందన పరిస్థితికి మించి, పదేపదే వచ్చి, చదువును, కొలువును, ప్రయాణమును ఆపివేయు స్థితికి వచ్చినప్పుడు దానిని వ్యాధిగా లెక్కించెదరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో లోకమున 30 కోట్లమందికి పైగా ఇట్టి ఆందోళనా వ్యాధులతో జీవించుచుండిరి. మానసిక వ్యాధులలో ఇంత విరివిగా ఉన్నది మరియొకటి లేదు.

ఇక కోచ్ అను మాట. హంగరీ దేశములోని కోచ్ అను గ్రామములో ఒకప్పుడు మంచి గుఱ్ఱపుబండ్లు తయారగుచుండెను. ఆ ఊరి పేరే బండికి పేరైనది. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, తమను పరీక్ష దాటించు ఉపాధ్యాయుని వేళాకోళముగా ‘కోచ్’ అనిరి. బండివలె మోసికొనిపోయి గట్టున దింపువాడని అర్థము. అక్కడినుండి అది ఆటలలోనికి, ఆటలనుండి వ్యాపారములోనికి, ఇప్పుడు మనసులోనికి వచ్చినది. రైలుపెట్టెను కోచ్ అనునట్టి మన ప్రయాణికుడు తెలియకయే మూలార్థమునకు దగ్గరగా ఉన్నాడు. బండి గమ్యము చేర్చును, నిజమే. బండిలో కూర్చున్నవానికి నడక రాదనుటయు నిజమే. ఈ వృత్తిపై రావలసిన విమర్శలో సగము ఆ పేరులోనే దాగియున్నది.

తెలుగునాట శిక్షకుడు భయమును పోగొట్టిన కథ అనగానే అందరు చెప్పునది పుల్లెల గోపీచంద్, పి.వి. సింధుల కథ. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో సింధు రజత పతకము గెలిచిన తరువాత అది పత్రికలలో విరివిగా వచ్చినది. సింధు స్వభావముచే మెత్తనిది. ఆటలో గట్టిగా కేక వేయుటకు కూడ బిడియపడెడిది. తోటి క్రీడాకారులందరు చూచుచుండగా కోర్టు నడుమ నిలిచి బిగ్గరగా అరచినగాని రాకెట్టు ముట్టరాదని గోపీచంద్ పట్టుపట్టెను. ఆమె కన్నీరు పెట్టుకొన్నది, చివరకు అరచినది. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసములలో ఈ కథ కొంత రంగు పూసుకొని ఇప్పటికిని తిరుగుచున్నది. గురువు కఠినముగా ఉండవలెననియు, భయమును ఒక్క దెబ్బతో విరువవలెననియు దాని నీతిగా చెప్పుచున్నారు.

కథలో శాస్త్రీయమైన అంశము ఒకటి ఉన్నమాట నిజము. ఏ పనికి బిడియమో ఆ పనినే, ఎవరి యెదుట బిడియమో వారి యెదుటనే చేయించుట. ఇది మనస్తత్వశాస్త్రములో మిక్కిలి పరీక్షకు నిలిచిన ఉపాయము. కాని ఉపన్యాసకులు తీసిన నీతి కథలో లేదు. సింధు అప్పటికే సంవత్సరములుగా ఆ అకాడమీలో శిక్షణ పొందుచున్నది. గురువుపై నమ్మకము, ఆటపై కోరిక, ఇంటివారి అండ ఆమెకు కలవు. బిడియము వ్యాధి కాదు; ఆమె రోగియు కాదు. రాత్రులు నిద్రపట్టక, తిండి సయించక, గది దాటి బయటికి రాలేకయున్న యువకుని నలుగురిలో నిలువబెట్టి అరచుమని బలవంతము చేసినచో ఫలము అదే యగునని ఈ కథ రుజువు చేయదు. పైగా విజయకథలకొక సహజ లోపము కలదు: గెలిచినవారి గురువుల పద్ధతులే మన చెవినపడును. అదే పద్ధతికి లోనై మధ్యలో మానుకొన్నవారిని గురించి ఎవరును ఉపన్యసింపరు.

భయమునకు ఎదురు నిలిపించు పద్ధతికి చరిత్ర ఉన్నది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్వవేత్త, కుందేలును చూచి ఏడ్చు మూడేండ్ల పీటర్ అను పిల్లవాని సంగతి ప్రకటించినది. పిల్లవాడు ఇష్టమైన తిండి తినుచుండగా కుందేలును గదిలో దూరముగా ఉంచి, దినదినము కొంచెము దగ్గరకు జరిపిరి. చివరకు వాడు దానిని నిమిరెను. నడుమ ఒక పెద్దకుక్క వానిమీదికి ఎగబడగా, పోయిన భయము తిరిగి వచ్చినది. మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చెను. జోన్స్ ఈ ఎదురుదెబ్బను దాచక వ్రాసినది. నేటి శిక్షకుల ప్రకటనలలో ఇట్టి పెద్దకుక్క ఎన్నడును కనబడదు.

ఆల్బర్ట్ ఎల్లిస్ అను మరియొక అమెరికా మనస్తత్వవేత్త ఈ ప్రయోగమును తనమీదనే చేసికొనెను. ఆయనకు 19 ఏండ్ల వయసున స్త్రీలతో మాటలాడుటకు ఎనలేని భయము. న్యూయార్కులోని ఉద్యానవనములో రోజూ కనబడిన ప్రతి స్త్రీ ప్రక్కను కూర్చుండి మాటలాడవలెనని తనకు తానే శాసనము విధించుకొనెను. ఆయన లెక్కలో సుమారు 100 మందితో మాటలాడినాడు; కలిసికొనుటకు ఒప్పుకొన్నది ఒక్కతె, ఆమెయు రాలేదు. ఫలితమును బట్టి చూచిన పూర్తి అపజయము. అయినను భయము పోయినది. తరువాత 1955 ప్రాంతమున ఆయన ఆరంభించిన చికిత్సావిధానములో ఇంటిపని ఇచ్చుట ఒక ముఖ్య భాగమైనది. ఇచట గమనింపదగినదేమనగా, ఉద్యానవనములో ఆయన ప్రక్కన శిక్షకుడెవడును లేడు.

ఇప్పుడు మన బస్సు దగ్గరకు తిరిగి రావచ్చును. భయము వేసినప్పుడు మనిషి తప్పుకొనును. తప్పుకొన్నంతనే ప్రాణము కుదుటపడును. ఆ కుదుటపాటే తప్పుకొను అలవాటునకు బహుమానము. అందువల్ల మరునాడు మరింత త్వరగా తప్పుకొనును. తప్పుకొన్న ప్రతిసారియు, అక్కడ నిజముగా ప్రమాదము లేదని తెలిసికొను అవకాశము పోవును. ఆందోళన కొన్ని వారములలో తీరక సంవత్సరములు నిలుచుటకు ముఖ్య కారణము ఇదే.

తప్పుకొనుటలో బహిరంగమైనదొకటి, రహస్యమైనదొకటి కలవు. బస్సు ఎక్కకపోవుట బహిరంగము. బస్సు ఎక్కి, తలుపు దగ్గరి సీటులోనే కూర్చుండుట, నీళ్ళసీసా లేనిదే కదలకుండుట, మాత్ర జేబులో ఉన్నదా అని తడిమి చూచుకొనుట, తోడు లేనిదే ప్రయాణించకుండుట రహస్యమైనవి. వీటిని రక్షక చేష్టలని అనవచ్చును. పాల్ సాల్కొవ్‌స్కిస్ అను బ్రిటిషు మనస్తత్వవేత్త 1991లో వీటి స్వభావమును విశదపరచెను. మనిషి ప్రయాణము పూర్తిచేయును, ఏ ప్రమాదమును జరుగదు. అయినను “ప్రమాదము లేదు” అని నేర్చుకొనడు. “సీసా ఉన్నది గనుక బ్రతికితిని” అని నేర్చుకొనును. వందసార్లు పోయివచ్చినను భయము తగ్గకుండుటకు కారణము ఈ తప్పు లెక్క.

ఆ యువతి చేతిలోని ఫోను కూడ నీళ్ళసీసా వంటిదే! “నేను లైనులోనే ఉంటాను” అను మాట దయతో చెప్పినదే. కాని ఆ దినమున ఆమె నేర్చుకొనినది ఏమి? బస్సు భయంకరము కాదని కాదు. సారు మాటలాడుచుండగా బస్సు భయంకరము కాదని. మరునాడు సారు ఫోను ఎత్తకపోయినచో ఆమె మెట్టు దగ్గరనే నిలిచిపోవును. “నాకేం కాదు కదండీ?” అను ప్రశ్నకు “ఏమీ కాదు” అను జవాబు ఇచ్చిన కొలదియు ఆ ప్రశ్న వృద్ధియగును. ఈ సంగతి కన్నతల్లులకు కూడ తెలియదు. శిక్షకునికి తెలిసి తీరవలెను. నెలనెల రుసుము తీసికొనువానికి, తన అవసరము తీరిపోవుటలో లాభము లేదు గనుక, ఇది తెలిసికొనుటకు తొందరయు ఉండకపోవచ్చును. ఇది శిక్షకుల నీతిని శంకించుట కాదు. వృత్తి అమరికలోనే ఉన్న లోపము.

తోడు ఎల్లప్పుడు కీడే అనియు చెప్పరాదు. పీటరు ప్రక్కన కుందేలుకు భయపడని ఇతర పిల్లలను కూర్చుండబెట్టిన దినములలో వాడు కొంత ముందడుగు వేసినాడు. మొదటి మెట్టుపై తోడుండి, రెండవ మెట్టుపై నాలుగడుగులు వెనుక నిలిచి, మూడవదానికి ఇంటిదగ్గర ఉండిపోవు తోడు మంచిది. తోడు ఉన్నదా లేదా అని కాదు, వారము వారమునకు అది తరుగుచున్నదా అని చూడవలెను. పిల్లవానికి సైకిలు నేర్పు తండ్రి సీటు వెనుక చేయి ఎప్పుడు తీసివేసినాడో పిల్లవానికి తెలియదు. ఆందోళన విషయములో మాత్రము చేయి తీసివేసితినని చెప్పి తీయుట మేలు, ఏలయన తానే తొక్కుచున్నానని తెలియుటయే ఇక్కడి పాఠము.

శిక్షకులు నేర్పు ఇతర విద్యలను గురించి క్లుప్తముగా చూడవచ్చును. పొట్టతో నిదానముగా ఊపిరి తీయుట హాయినిచ్చును, ఖర్చు లేనిది, హాని అరుదు. కాని 2000లో నార్మన్ ష్మిట్, ఆయన సహచరులు, ఉన్నట్టుండి ముంచెత్తు తీవ్రభయము గల రోగులపై జరిపిన పరీక్షలో, తక్కిన చికిత్స అంతయు జరుగుచుండగా ఊపిరి అభ్యాసమును చేర్చినందువల్ల అదనపు లాభమేమియు కనబడలేదు. ఊపిరి పీల్చనిదే మూర్ఛపోవుదునని నమ్మువానికి అదియు మరియొక నీళ్ళసీసా కాగలదు. కండరములను ఒక్కొక్కటిగా బిగించి వదలు పద్ధతి ఎడ్మండ్ జేకబ్‌సన్ నాటిది. ఆయన గ్రంథము 1929లో వెలువడినది. దేహమంతయు బిగిసియుండు దీర్ఘకాలపు ఆందోళనలో దాని ప్రయోజనమునకు నిదర్శనములు ఉన్నవి.

ఇక శిక్షకుల పటములలో తప్పక కనబడు గోపురపు రేఖ ఒకటి ఉన్నది: ఆందోళన మరీ తక్కువైనను, మరీ ఎక్కువైనను పని చెడును, నడిమి స్థాయిలో పని బాగుండునని. దీనికి 1908 నాటి యెర్క్‌స్, డాడ్‌సన్‌ల పేరు తగిలింతురు. ఆ ఇద్దరు శోధించినది విద్యార్థులను కాదు, ఎలుకలను. వాటికి తెలుపు నలుపు పెట్టెల భేదము నేర్పుచు, తప్పినప్పుడు విద్యుత్తు దెబ్బ కొట్టిరి. తేలిక పాఠములో దెబ్బ బలము పెరిగిన కొలది ఎలుక త్వరగా నేర్చినది. కష్టమైన పాఠములోనే నడిమి దెబ్బ మేలైనది. దానిని ఇంటరు పరీక్షకు పోవు పిల్లల మనోధర్మముగా గోడకు తగిలించుట సాహసమే. ఎలుకలకు ఫీజు కట్టు తండ్రులు లేరు.

ఇంతవరకు చదివినవారికి, శిక్షకులను వదలి నిపుణులయొద్దకే పోవుట ఉత్తమమని తోచవచ్చును. ఉత్తమమే, నిపుణుడున్నచో. మన దేశములో లక్షమంది జనమునకు ఒక్క మానసిక వైద్యుడు కూడ లెక్కకు రాడు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ వ్యాధులు గలవారిలో నూటికి 85 మంది చికిత్సకు నోచుకొనలేదని తేలెను. నర్సీపట్నం మైదానమునకు, మన్యమునకు నడిమి గుమ్మము వంటి ఊరు. చింతపల్లి ఘాటు దిగి వచ్చువారికి అదే మొదటి పెద్ద పట్టణము, మొదటి పెద్ద ఆసుపత్రి. అక్కడినుండి విశాఖపట్నములోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు పోవలెనన్న దాదాపు 80 కిలోమీటర్లు. బస్సు ఎక్కుటయే భయమైనవానికి ఆ చికిత్సాలయము బస్సు దూరములో ఉన్నదనుట క్రూరమైన హాస్యము. ఇట్టిచోట వైద్యుడు కానివాడు సాయపడరాదని శాసించుట రోగిని ఒంటరిగా వదలుటయే.

వైద్యులు కానివారు ఉపయోగపడగలరా అను ప్రశ్నకు ఊహతో గాక పరీక్షలతోనే జవాబు దొరకుచున్నది. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీర్ఘకాలపు ఆందోళన గల సుమారు 150 మందికి కంప్యూటరు ద్వారా పాఠములుగా అమర్చిన చికిత్సనిచ్చిరి. కొందరికి నిపుణుడు తోడు. కొందరికి నిపుణుడు కాని సహాయకుడు తోడు. మూడవవారు తమవంతుకై వేచియున్నవారు. సహాయకుడు వారానికి కొద్ది నిమిషములు పలుకరించి, పాఠము చదివితిరా, అభ్యాసము చేసితిరా అని ప్రోత్సహించుటయేగాని వైద్య సలహా ఇయ్యరాదని నియమము. ఫలితములో నిపుణుని పక్షమునకును సహాయకుని పక్షమునకును చెప్పుకోదగిన భేదము లేదు. వేచియున్నవారికంటె రెండు పక్షములును బాగుపడినవి. శిక్షకులకు ఇంతకంటె అనుకూల సాక్ష్యము దొరకదు. కాని షరతు చూడవలెను: విద్య పాఠములో ఉన్నది; సహాయకుడు దానిని విడువకుండ చేయించినాడు; తన సొంత సిద్ధాంతము కలుపలేదు.

అదే సంవత్సరము గోవాలో విక్రమ్ పటేల్ బృందము ప్రకటించిన పరీక్ష మన పరిస్థితులకు మరింత దగ్గర. అందులో వైద్యవిద్య లేని స్థానికులకు శిక్షణయిచ్చి, కుంగుబాటు, ఆందోళన గలవారికి సలహాదారులుగా నియమించిరి. 12 ప్రభుత్వ కేంద్రములలోను, 12 ప్రైవేటు వైద్యుల యొద్దను పరీక్షించిరి. ప్రభుత్వ కేంద్రములకు వచ్చినవారిలో కోలుకొన్నవారు స్పష్టముగా హెచ్చిరి. ప్రైవేటు వైద్యుల యొద్ద అట్టి భేదము తేలలేదు. ఈ రెండవ వాక్యమును ఉదాహరించువారు తక్కువ.

ఆంధ్రదేశములోనే జరిగిన ప్రయత్నము పశ్చిమ గోదావరి జిల్లాది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆ జిల్లా గిరిజన గ్రామములలో ఆశా కార్యకర్తలకు చిన్న యంత్రపు పలకలనిచ్చి, ఇంటింటికి పోయి ఆందోళన, కుంగుబాటు లక్షణములను ప్రశ్నావళితో అడుగుట నేర్పిరి. 2017లో వెలువడిన వారి నివేదిక ప్రకారము 5,000 మందికి పైగా పెద్దలను పరీక్షింపగా 238 మందికి వైద్యుని చూడవలసిన లక్షణములున్నట్లు తేలెను. అంతకుముందు నూటికి ఒక్కరు కూడ సేవలు పొందని చోట, ఇప్పుడు 12.6 శాతము పొందిరి. దీనిని గొప్ప వృద్ధి అని చెప్పుచున్నారు. వృద్ధియే. కాని పోల్చి చూచుటకు వేరొక గ్రామవర్గము ఈ తొలి ప్రయత్నములో లేదు. కావున వృద్ధి అంతయు ఈ పథకము వల్లనే యని ఢంకా కొట్టరాదు. శాతములు విడిచి మనుషులను లెక్కించినచో, 238 మందిలో వైద్యుని చూచినవారు 30 మంది. తక్కిన 208 మంది లక్షణములున్నవని తెలిసియు ఇంటనే ఉండిపోయిరి. ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషి, ఎరిగిన ముఖము. అయినను ఇంటి గడపనుండి వైద్యుని గడపవరకు నడిపించు పని మిగిలియే ఉన్నది. శిక్షకుడను వ్యక్తి నిజముగా అవసరమైన చోటు ఇది.

ఇక చట్టము మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక వైద్యుని, భారత పునరావాస మండలిలో నమోదైన చికిత్సా మనస్తత్వవేత్తను, తదితర వృత్తులను నిర్వచించినది. శిక్షకుడను పేరు అందులో లేదు. నేడు ఎవడైనను గోడకు బోర్డు తగిలించి ఆందోళనా శిక్షకుడనని చెప్పుకొనవచ్చును. మూడు దినముల తరగతికి పోయివచ్చినవాడును, పదేండ్లు చదివినవాడును ఒకే పేరుతో పిలువబడుచున్నారు. గోవా సలహాదారునికి పైన పర్యవేక్షకుడు ఉండెను. ఆస్ట్రేలియా సహాయకునికి గీత గీసి ఉండెను. బోర్డు శిక్షకునికి పర్యవేక్షకుడు లేడు, గీతయు లేదు. వృత్తికి వచ్చిన అపఖ్యాతి యంతయు ఈ ఒక్క లోటునుండి పుట్టినదే.

ఈ లోటు ఎంత ప్రమాదకరమో చూపుటకు పెద్ద ఉదాహరణలు అక్కరలేదు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినప్పుడు గుండెదడ, చెమట, చేతివణకు, నిద్రలేమి కలుగును. రక్తహీనతలోను దడ, ఆయాసము వచ్చును. గుండె లయ తప్పు జబ్బులు కొన్ని ఆందోళనవలెనే కనబడును. ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోవు వ్యాధికి ఆరునెలలు “పాజిటివ్‌గా ఆలోచించు” అని చెప్పుట విషాదము. ఇంకను ఘోరమైనది, బ్రతుకు మీద విరక్తి కలిగినదని శిష్యుడు చూచాయగా చెప్పినప్పుడు దానిని గుర్తింపలేకుండుట. ఆ మాట చెవినపడిన క్షణమున శిక్షకుని పని శిక్షణ కాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలక వైద్యునియొద్దకు చేర్చుట. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలీమానస్ సేవకు 14416 అను నంబరున రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడుదురు. తన గోడమీద గోపురపు రేఖకు బదులు ఈ నంబరును వ్రాసియుంచిన శిక్షకుని నమ్ముటకు కొంత ఆధారము ఉన్నట్లే.

మంచి శిక్షకుడు మొదటి దినముననే 7 ప్రశ్నల పట్టికను ముందుంచవచ్చును. గడచిన 2 వారములలో కంగారు, అదుపులేని చింత, చిరాకు మొదలైనవి ఎన్ని దినములు బాధించినవో అడుగు ఆ పట్టిక ఆసుపత్రులలో వాడుకలో ఉన్నదే. 21 మార్కులకు లెక్క. 10 గాని అంతకు మించి గాని వచ్చినచో వైద్యుని చూడుమని చెప్పవలెను. నెల తరువాత అదే పట్టికను మరల నింపించవలెను. లెక్క తగ్గనిచో తన పద్ధతి ఫలింపలేదని ఒప్పుకొనవలెను. “ఇప్పుడు ఎట్లున్నది?” అని అడిగి, “బాగుందండి” అను మర్యాద జవాబుతో తృప్తిపడుట మన దేశములో మరీ సులభము. గురువుగారి ముఖము చూచి తగ్గలేదని చెప్పు శిష్యుడు అరుదు.

ఆ బస్సు యువతికి అట్టి శిక్షకుడు దొరికినచో పని ఎట్లు సాగును? మొదటి వారము కాంప్లెక్సులో ఆగియున్న బస్సు ఎక్కి పదినిమిషములు కూర్చుండి దిగుట. శిక్షకుడు ప్లాట్‌ఫారముమీద ఉండును. ఎక్కకముందు ఆమె కాగితముపై వ్రాయవలెను: ‘నేను కళ్ళు తిరిగి పడిపోతాను’. దిగిన తరువాత దాని క్రింద జరిగినది వ్రాయవలెను. రెండవ వారము మాకవరపాలెం వరకు, శిక్షకుడు వెనుక సీటులో. తరువాత అదే ప్రయాణము ఒంటరిగా, ఫోను సంచి అడుగున. పిమ్మట తాళ్ళపాలెం, అక్కడ దిగి, టీ త్రాగి, మరియొక బస్సులో తిరిగివచ్చుట. ఒకనాడు తలుపు దగ్గరి సీటు కాక నడిమి సీటు. ఒకనాడు నీళ్ళసీసా లేకుండ. దడ వచ్చినచో దానిని ఆపు ప్రయత్నము చేయక, ఎంతసేపు ఉండునో గడియారములో చూచుట. ఒకనాడు పని పూర్తిగా చెడిపోవును; సగము దారిలో దిగి ఏడ్చుచు ఇంటికి పోవును. అది పీటరు కుక్క. మరునాడు మాకవరపాలెంనుండి మరల ఆరంభింపవలెను. “సార్, నాకేం కాదు కదండీ?” అని ఆమె అడిగినచో, జవాబు “ఏమీ కాదమ్మా” అని కాక, “నువ్వేమనుకుంటున్నావమ్మా? పోయిన వారం కాగితంలో ఏం రాశావు?” అని ఉండవలెను.

అనకాపల్లి దాటు నాటికి వారానికి రెండు ఫోనులు ఒకటి కావలెను. విశాఖపట్నం చేరు నాటికి ఆ ఒకటియు ఇంటికి తిరిగివచ్చిన తరువాతనే.